సమస్యాపూరణం: “దారి కలసిన వారలే దవ్వులైరి”

నిర్వాహకుని మాట

సభ్యులకు నమస్కారం. ఈ వారపు సమస్య తేటగీతి పాదం.

దారి కలసిన వారలే దవ్వులైరి

మనుషుల ఎడబాటుకు అన్వయిస్తే ఇందులో చిక్కేమీ లేదు కనుక, పూరణ నెప్ట్యూన్, ప్లూటోల కక్ష్యల గురించే ఉండాలన్నది ఈసారి నియమం. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక కొలతగా పెట్టుకుంటే, నెప్ట్యూన్ 30 కొలతల దూరంలో దాదాపు గుండ్రని దారిలో తిరుగుతుంది. ప్లూటో మాత్రం 29.7 కొలతల దాకా దగ్గరికి వచ్చి, 49.3 కొలతల దాకా దూరంగా పోతుంది. కాగితం మీద గీస్తే రెండు దారులూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. అయినా ఆ రెండూ ఢీకొనవు. కారణం పద్యంలో చెప్పాలి. ప్లూటో గ్రహమా, 2006లో తేల్చినట్లు మరుగుజ్జు గ్రహమా అన్న వివాదాన్ని దయచేసి ఇక్కడికి తేవద్దు.

మొదటి పూరణ

ప్లూటొ తన బాట వాల్చెను పొంకముగను
నేలబారుగ నెప్ట్యూను నెమ్మిఁ దిరుగ
ఎత్తుపల్లాల నడుమనే యెడము కలిగె
దారి కలసిన వారలే దవ్వులైరి

సమీక్ష: ధార బాగుంది. ‘తిరుగ’ తరువాతి పాదం అచ్చుతో మొదలుకావడం విసంధి అవుతుంది. మూడవ పాదాన్ని “మిట్టపల్లాల నడుమనే మిగిలె నెడము” అని మార్చుకుంటే యతి చెడకుండానే దోషం పోతుంది. విషయానికి వస్తే, ప్లూటో కక్ష్య భూకక్ష్యాతలానికి 17 డిగ్రీలు వాలి ఉన్న మాట నిజమే. ప్లూటో సూర్యుడికి అతి చేరువగా ఉన్నప్పుడు నెప్ట్యూన్ తిరిగే తలానికి సుమారు 8 కొలతలు పైన ఉంటుంది కనుక, పై వంతెన మీద పోయే బస్సూ కింద పట్టాల మీద పోయే రైలూ పటంలో మాత్రమే కలిసినట్లు, ఈ దారులూ బొమ్మలోనే కలుస్తాయి. అయితే కక్ష్యలు ఎప్పటికీ ఒకే తీరున నిలిచి ఉండవు. ఇతర గ్రహాల ఆకర్షణ వల్ల లక్షల ఏళ్ళలో మెల్లగా తిరుగుతాయి. అలా తిరిగి ఆ చేరువ బిందువు నెప్ట్యూన్ తలంలోకే దిగివస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు మీ పద్యంలో జవాబు లేదు.

మొదటి పూరణకర్త: సవరణ శిరోధార్యం. మరి ఆ వాలే లేకపోయి ఉంటే ఆ రెండూ ఢీకొనేవా?

నిర్వాహకుడు: లేదండీ. దానికి సమాధానం కింది పూరణలో ఉంది.

రెండవ పూరణ

మూడు చుట్లు నెప్ట్యూనువి ముగియు నపుడె
ప్లూటొ తన రెండు చుట్టులఁ బూర్తి సేయు
కలియు వేళకు నది చాల కడకుఁ బోవు
దారి కలసిన వారలే దవ్వులైరి

సమీక్ష: ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే. నెప్ట్యూన్‌కు ఒక చుట్టు సుమారు 165 ఏళ్ళు, ప్లూటోకు 248 ఏళ్ళు. మూడు 165లు 495, రెండు 248లు 496. ఈ మూడు–రెండు పొత్తు వల్ల, నెప్ట్యూన్ ప్లూటోను దాటిపోయే సమయానికి ప్లూటో ఎప్పుడూ తన కక్ష్యలో దూరపు కొస దగ్గరే ఉంటుంది. 1965లో కోహెన్, హబ్బార్డ్ కంప్యూటరు లెక్కలతో ఈ సంగతిని బయటపెట్టారు. ఆ రెండిటి నడుమ దూరం ఏనాడూ సుమారు 17 కొలతలకు తగ్గదు. ప్లూటో యురేనస్‌కు 11 కొలతల దాకా దగ్గరవుతుందంటే, దారి దాటని పొరుగువాడే దారి దాటినవాడికంటే చేరువన్న మాట!

‘అపుడె’ అన్న మాట మాత్రం కొంచెం బిగువైంది. పొత్తు గడియారంలా కచ్చితంగా ఉండదు. అటూ ఇటూ ఊగుతూ సుమారు 20,000 ఏళ్ళకు ఒక ఊగు పూర్తిచేస్తుంది. ఆ ఊగు తెగిపోకుండా కాపాడేది నెప్ట్యూన్ ఆకర్షణే. ప్లూటో ఇంకా దూరపు కొసకు చేరకముందే నెప్ట్యూన్ వచ్చి కలిసిందనుకుందాం. వెనుక నుంచి వస్తున్నంతసేపూ రెండిటి దారుల మధ్య ఎడం తక్కువ, దాటిపోయాక ఎడం ఎక్కువ. కాబట్టి ముందుకు లాగిన దానికంటే వెనక్కి లాగిందే ఎక్కువవుతుంది. వెనక్కి లాగినందువల్ల ప్లూటో కక్ష్య కొంచెం చిన్నదై, చుట్టు త్వరగా పూర్తవుతుంది; వెంబడించే నెప్ట్యూన్‌కు దాన్ని అందుకోవడానికి ఇంకాస్త కాలం పడుతుంది; మరుసటి కలయిక తిరిగి ఆ కొసవైపే జరుగుతుంది. కొస దాటాక కలిస్తే ఇదే తిరగబడి పనిచేస్తుంది. ఢీకొంటుందని మనం భయపడే గ్రహమే దూరాన్ని కాపాడుతున్నదన్న ఈ చమత్కారం మూడవ పాదంలో ఒదిగి ఉంటే పద్యం మరో మెట్టు ఎక్కేది.

మూడవ పూరణ

లోన నిరువదేఁడులు సాగి లోకమెల్ల
గుద్దుకొనునేమొ యని చూడఁ గొమరు మిగుల
తొమ్మిదవ చోటు మరలఁ దాఁ దోడుకొనియె
దారి కలసిన వారలే దవ్వులైరి

సమీక్ష: 1979 ఫిబ్రవరి 7 నుంచి 1999 ఫిబ్రవరి 11 దాకా ప్లూటో నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉన్న సంగతిని ఎత్తుకోవడం మంచి ఆలోచన. ‘గొమరు మిగుల’ కేవలం పాదపూరణకు వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. కథ ఉంది గానీ కారణం లేదు. 1989 ఆగస్టు 25న వాయేజర్ 2 నెప్ట్యూన్ పక్కగా వెళ్ళింది. కొద్ది రోజులకే, సెప్టెంబరులో, ప్లూటో సూర్యుడికి అతి చేరువైంది. అప్పుడు మన రాశుల లెక్కలో ప్లూటో తులలో, నెప్ట్యూన్ ధనుస్సులో ఉన్నాయి, అంటే నడుమ యాభై డిగ్రీలకు పైగా ఎడం. ఆ రెండు రాశులనూ పద్యంలోకి తెచ్చి ఉంటే కారణం దానంతట అదే పలికేది.

నాల్గవ పూరణ

రవికి దగ్గరై ప్లూటొ తా రథము నెత్తి
లేచు నెప్ట్యూను సరిజోడు లేని వేళ
రెండు కట్టుబాటుల నేర్చి రీతిఁ దెలిసి
దారి కలసిన వారలే దవ్వులైరి

సమీక్ష: వాలునూ పొత్తునూ ఒక్క పద్యంలో కూర్చిన పూరణ ఇది. ‘రథము నెత్తి’ అన్నది అలంకారమే కాదు, లెక్కకు కూడా నిలుస్తుంది. ప్లూటో చేరువ బిందువు నెప్ట్యూన్ తలంలోకి దిగిరాదనీ, తలానికి బాగా పైనే ఊగుతూ ఉంటుందనీ, ఆ ఊగుకు సుమారు 40 లక్షల ఏళ్ళు పడుతుందనీ 1971లో విలియమ్స్, బెన్సన్ చూపించారు. మొదటి పూరణలో నేను లేవనెత్తిన సందేహానికి జవాబు ఇదే. ‘రీతిఁ దెలిసి’ మాత్రం ‘నేర్చి’ చెప్పినదాన్నే మళ్ళీ చెబుతోంది.

రెండవ పూరణకర్త: ఈ కట్టుబాటు ఎల్లకాలం నిలుస్తుందా?

నిర్వాహకుడు: 1988లో సస్మన్, విజ్డమ్ ఈ లెక్క కోసమే కట్టిన యంత్రంతో 84 కోట్ల ఏళ్ళకు పైగా ప్లూటో నడకను లెక్కించారు. ఆ నడకలో అస్తవ్యస్తత ఉందని, చాలా దూరపు భవిష్యత్తులో ప్లూటో తన దారిలో ఏ చోట ఉంటుందో ముందుగా చెప్పలేమని తేలింది. అయినా నెప్ట్యూన్‌తో పొత్తు ఆ లెక్కలో ఎక్కడా తెగలేదు.