పెద్దయ్యాక కుందేళ్లు ట్రే వదిలేసి సోఫా మీద పోస్తున్నాయి, ఎలా మాన్పించాలి?

కూకట్‌పల్లి_కుందేళ్లు:
మాది అద్దె ఫ్లాటు, ఇంట్లో రెండు కుందేళ్లు, అయిదో నెల నడుస్తోంది. షాపతను రెండూ ఆడవే అని ఇచ్చాడు. చిన్నప్పుడు బుద్ధిగా ట్రేలోనే పోసేవి, ఇప్పుడు సోఫా, పరుపు, చివరికి మా పాప స్కూల్ బ్యాగ్ కూడా వదలట్లేదు, హాలంతా పెంటికలే. మా అత్తయ్యగారు బాల్కనీలో బోను పెట్టేయమంటున్నారు, ఈ ఎండల్లో నాకు మనసొప్పట్లేదు. ట్రేలో పిల్లులకు వాడే గడ్డకట్టే ఇసుక వేస్తున్నా. ఎవరైనా మాన్పించినవాళ్లుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

చెవులపిల్లి:
ముందు ఆ ఇసుక ఈరోజే తీసేయండి. కుందేళ్లు ట్రేలో ఉన్నది నోట్లో పెట్టుకుంటాయి, తడికి గడ్డకట్టేది కడుపులోనూ గడ్డకడుతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. బాల్కనీ వద్దే వద్దు, వాటికి మనలా చెమట పట్టదు, వడదెబ్బకు ప్రాణం పోతుంది.

ఇక అసలు సంగతి, ఆ వయసులో హార్మోన్లు మొదలవుతాయి కాబట్టి "ఇది నా చోటు" అని గుర్తు పెట్టుకోవడానికి అలా పోస్తాయి, ఎంత శిక్షణ ఇచ్చినా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించకపోతే పూర్తిగా ఆగడం కష్టం. ఇంకోటి, రెండూ ఆడవే అన్న మాట నమ్మకండి, చిన్న పిల్లల్లో పోల్చుకోవడం తెలిసినవాళ్లకే కష్టం. డాక్టర్ చూసేదాకా విడివిడిగా ఉంచండి, ఒకటి మగదైతే నెల రోజుల్లో రెండోది ఈనేస్తుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఆడవాటికి ఆపరేషన్ చేయించకపోతే వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది, కాబట్టి ఇది సోఫా కోసం మాత్రమే కాదు.

డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఆపరేషన్ ముందు రాత్రి తిండి ఆపాలా అని. ఆపమంటే కుక్కల పద్ధతి చెబుతున్నారని అర్థం. కుందేలు వాంతి చేసుకోలేదు, పస్తు పెడితే పేగులు మందగిస్తాయి, అలాంటి చోట చేయించకండి.

విశాఖ_బన్నీ:
పైన చెప్పినదంతా నిజం. ట్రే గురించి నేను చెబుతా. కుందేలు గడ్డి నములుతూనే పెంటికలు వేస్తుంది, దాని అలవాటే అంత. అందుకే గడ్డి ఎక్కడో, ట్రే ఎక్కడో ఉంటే పని జరగదు. నిలువునా పడుకోగలిగేంత పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, అడుగున న్యూస్‌పేపర్, దానిమీద పేపర్ గుళికలు వేసి, ఒక చివర చేతినిండా ఎండుగడ్డి పెట్టండి. పైన్, దేవదారు చెక్కపొట్టు మాత్రం వద్దు, ఆ ఘాటు కాలేయానికి దెబ్బ.

టబ్బు మీకు నచ్చిన మూల కాదు, అవి పోస్తున్న మూలనే పెట్టాలి. నేల మీద పోసింది పేపర్‌తో అద్ది, ఆ పేపర్‌నీ నాలుగు పెంటికల్నీ టబ్బులోనే వేయండి, వాసనే దారి చూపిస్తుంది. తడిసిన చోట తెల్ల వెనిగర్‌తో తుడవండి, టబ్బు అడుగున పేరుకునే తెల్లటి సున్నపు పొర కూడా దానికే పోతుంది. కొన్నాళ్లు హాలంతా తిరగనివ్వకుండా అడ్డుకట్టి చిన్న జాగాలోనే ఉంచి, అక్కడ కుదురుకున్నాక కొంచెం కొంచెంగా పెంచండి. అరవడం, ముక్కు మీద కొట్టడం చేయకండి, మీరంటే భయపడతాయి తప్ప ట్రే అలవాటవదు.

కూకట్‌పల్లి_కుందేళ్లు:
చాలా థ్యాంక్సండీ, అపాయింట్‌మెంట్ తీసుకుంటా. రెండు డౌట్లు. నిన్న ఒకదాని మూత్రం నారింజ రంగులో వచ్చింది, రక్తమా? తెల్లవారుజామున ద్రాక్షగుత్తిలా మెత్తగా వచ్చేదాన్ని తినేస్తోంది, ఆపాలా?

చెవులపిల్లి:
తినే ఆకుల్ని బట్టి మూత్రం పసుపు నుంచి ఎరుపు దాకా మారుతుంది, చిక్కగా తెల్లగా కూడా రావచ్చు. ముక్కుతున్నా, ఎర్రటి చారలు విడిగా కనిపించినా డాక్టర్‌కి చూపించండి. ఆ మెత్తటిది ఆపకండి, ఒకసారి అరిగినదాంట్లోని పోషకాలు మళ్లీ తీసుకోవడానికే తింటుంది. అది తినకుండా నేలమీద వదిలేస్తుంటే గడ్డి తక్కువై గింజల దాణా, పళ్లు ఎక్కువయ్యాయేమో చూసుకోండి.

విశాఖ_బన్నీ:
ఆపరేషన్ అయ్యాక కూడా అక్కడక్కడ నాలుగు గట్టి పెంటికలు పడతాయి, వాటిని చీపురుతో ఊడ్చి మొక్కల్లో వేసుకోవచ్చు, మాగబెట్టాల్సిన పని కూడా లేదు. కానీ రోజూ టబ్బు తీసేటప్పుడు ఎన్ని ఉన్నాయో ఓ కన్నేసి ఉంచండి. సగం రోజు గడిచినా పెంటికలు లేవు, తిండి ముట్టలేదు అంటే మర్నాటిదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.