అప్‌డేట్: మొదటి ట్రెక్‌కి 50 లీటర్ల బ్యాగే తీసుకున్నాను

మూడు రోజుల ట్రెక్‌కి తక్కువ ధరలో 65 లీటర్ల బ్యాగ్ కొనాలా, కాస్త ఎక్కువ పెట్టి 50 లీటర్లది కొనాలా అని అడిగాను కదా. వెళ్లి వచ్చేశాను. అందరికీ చాలా థ్యాంక్స్.

"ముందు వీపు కొలుచుకో, లీటర్ల సంగతి తర్వాత" అన్న సలహాయే నన్ను కాపాడింది. మెడ కింద ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా టేపుతో కొలిస్తే 44 సెంటీమీటర్లు వచ్చింది. 65 లీటర్ల బ్యాగ్‌కి నడుము బెల్టు ఉంది కానీ, నా వీపు కొలతకి అది పొట్ట మీదికి వస్తోంది. అలాగైతే బరువంతా భుజాల మీదే పడుతుంది. 50 లీటర్లదాని బెల్టు సరిగ్గా తుంటి మీద కూర్చుంది. ఇంట్లోనే 11 కిలోలు నింపి గంటసేపు మెట్లెక్కి దిగాకే, బ్యాగ్ వెనక్కి ఇవ్వాల్సి వస్తుందేమోనని దాచిన బిల్లు పారేశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికే భుజాలు లాగేశాయి. బరువైనవన్నీ అడుగున పెట్టడమే నా తప్పు. రాత్రి మళ్లీ సర్దాను: స్లీపింగ్ బ్యాగ్ అడుగున, నీళ్లూ తిండీ వీపుకి ఆనుకుని మధ్యలో. రెండో రోజు అదే బరువు ఎంత తేలికనిపించిందో!

రెయిన్ కవర్ ఉన్నా వీపు వైపు నుంచి నీళ్లు దిగాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టిన బట్టలు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆ చిట్కా చెప్పినవాళ్లకి ప్రత్యేకంగా థ్యాంక్స్.