సమస్య: ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె

నిర్వహణ:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్యాపాదం తేటగీతి. ఈ చివరి పాదం నేనిస్తున్నాను, పై మూడు పాదాలూ రాసి దీనికి అర్థం కుదర్చటమే పూరణ.

*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె*

పాదంలో గణాలు, అంటే అక్షరాల గుంపులు, ఒక సూర్యుడు, రెండు ఇంద్రులు, రెండు సూర్యులు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన జత, ‘ప్రా’కీ ‘ప’కీ. పూరణ మాత్రం కొరియా జాంబీ (చచ్చి లేచి మనుషుల్ని కొరికే శవం) ప్రేమకథల చుట్టూ తిరగాలి. మనలో చాలామంది కొరియా డ్రామా ‘న్యూటోపియా’ చూశారు కాబట్టి ఈ నియమం పెట్టాను. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. జే-యూన్ ఆలస్యంగా సైన్యంలో చేరిన కుర్రాడు. సియోల్‌లో ఒక ఎత్తైన భవనం మీద గగనతల రక్షణ దళంలో డ్యూటీ. అతని ప్రియురాలు యంగ్-జూ అప్పుడే ఉద్యోగంలో చేరింది. ఇద్దరూ గొడవపడి విడిపోతారు, అంతలోనే ఊరంతా జాంబీల పాలవుతుంది. ఇక ఆమె కోసం అతను, అతని కోసం ఆమె పరుగు. పార్క్ జంగ్-మిన్, జిసూ నటించారు. 2025 ఫిబ్రవరి 7న మొదలై 8 భాగాల్లో పూర్తయింది.

ఒక మాట ముందే చెప్పాలి. మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, శృంగార రసానికి బీభత్స భయానక రసాలు పగ అన్నారు. హాస్యానికీ భయానకం పగే. అంటే ఈ రకం కథే ఒక సమస్య. దాన్ని పూరించి చూపించినవాళ్ల పని మీద మనం మళ్లీ పూరణ రాస్తున్నాం, కాబట్టి కాస్త శ్రద్ధగా రాయండి.

మల్లెతీగ:
అందరికీ నమస్కారం. నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

*కొరియ నగరాన రోగమై క్రూరముగను*
*వ్యాప్తి నొందగా కాటుకు వారు వీరు*
*చచ్చి లేచిరి, జాంబీలు సాగిరపుడు;*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

నిర్వహణ:
అమ్మా, గణాలూ యతులూ అన్నీ సరిపోయాయి. మొదటి పద్యానికి ఇది చిన్న విషయం కాదు. ఇక అర్థంలోకి వద్దాం. ‘రోగమై వ్యాప్తి నొందగా’ అన్నారు. రోగమై వ్యాపించింది ఏది? కర్త కనపడలేదు. ‘రోగంబు క్రూరముగను’ అంటే గణం చెడకుండా కర్త దొరుకుతుంది. రెండోది, మూడు పాదాల దాకా ‘లేచిరి, సాగిరి’ అని బహువచనంలో నడిపి, చివర ఒక్క దేహం పరుగెత్తిందన్నారు. ఆ ఒక్కరు ఎవరు?

అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది, అది అందరికీ చెప్తున్నాను. ‘జాంబీ’ అన్న మాట వేయగానే సమస్య తీరిపోతుంది. అందుకే ఆ మాట వేయకండి. శవం ఎందుకు పరుగెత్తిందని అడిగితే అది జాంబీ కాబట్టి అంటే, అడిగినవాడికి జవాబు దొరుకుతుంది కానీ వినేవాడి మనసులో ఏమీ కదలదు.

చలిమంట:
*రాత్రి డ్రామాను జూచి నే పండుకొనఁగ*
*కలను గంటిని: తలుపుల కడకు వచ్చి*
*పండ్లు కొఱుకుచు నామీఁద పడెను శవము,*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

నిర్వహణ:
చలిమంట గారూ, మొదటి పాదంలో యతి తప్పింది. ‘రా’కి ‘ప’ ఎలా కుదురుతుంది? ‘రాత్రి డ్రామాను జూచి నే రగ్గు గప్పి’ అంటే సరిపోతుంది, పైగా రగ్గు కప్పుకుని భయపడే మనిషి కళ్లముందు కనపడతాడు. కలను గంటినన్న దారి మాత్రం మన పెద్దల నాటి నుంచీ అరిగిపోయింది. ఎంత అసంభవమైన పాదమిచ్చినా ‘కలగంటిని’ అంటే చెల్లిపోతుంది. మీకు ధార బాగుంది, ఇంకో దారి వెతకండి.

చలిమంట:
రగ్గు చాలా బాగుందండీ. మార్చుకున్నాను. రేపు ఇంకొకటి పంపుతాను.

తాటిముంజ:
జాంబీ అన్న మాట వద్దన్నారు కదా, మన మాటే పెట్టాను.

*మఱ్ఱి నుండి బేతాళుఁడు మనసు పడుచు*
*రాత్రి వేళలోఁ గన్యక రాక జూచి*
*బుజము దిగి యామె చెంతకు పూని కదలె,*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

పాతబడి:
తాటిముంజ గారూ, పద్యం నడక హాయిగా ఉంది. కానీ బేతాళుడికీ జాంబీకీ పొత్తు కుదరదండీ. బేతాళుడు శవంలో ఉంటాడు, నిజమే. కానీ మాట్లాడతాడు, కథ చెప్తాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు, రాజు మౌనం వీడగానే చెట్టెక్కుతాడు. అంత తెలివి జాంబీకి ఏదీ? ఇంకో సంగతి, మూలకథలో అది శింశుపా వృక్షం. మఱ్ఱి మన ఊళ్ల దయ్యాలది.

నిర్వహణ:
పాతబడి గారు చెప్పింది నిజం. మనకు దగ్గరి మాట కావాలంటే ‘జీవచ్ఛవం’ ఉంది. కానీ మనం ఆ మాటను బతికుండీ చచ్చినట్టున్న మనిషికి వాడతాం. ఆలోచించండి, ఈ సమస్యకి తాళంచెవి అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

గోరింట:
నేను ‘న్యూటోపియా’ కాదు, ‘జాంబీ డిటెక్టివ్’ తీసుకున్నాను. 2020లో కొరియా టీవీ కేబీఎస్‌లో వచ్చింది. చోయ్ జిన్-హ్యుక్ వేసిన పాత్ర జాంబీగా లేస్తాడు, తానెవరో గుర్తుండదు. మనుషుల్లో కలవడానికి నడక, మాట నేర్చుకుంటాడు, ముఖానికి మేకప్ వేసుకుంటాడు.

*మఱచి తన పేరు తన వారి, మనిషి నడక*
*నేర్చుకొన్నట్టి శవమట నేటి కథను;*
*మొదట తడఁబడి, నిలబడి, మోము దిద్ది,*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

నిర్వహణ:
గోరింట గారూ, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. తడబడటం, నిలబడటం, మోము దిద్దుకోవటం. పసిపిల్ల నడక నేర్చుకోవటమూ, పెళ్లిచూపులకు ముస్తాబవటమూ రెండూ అందులో ఉన్నాయి. నడక వచ్చాక పరుగు రావటం సహజం కాబట్టి సమస్యాపాదం అతికించినట్టు లేదు, మెట్లెక్కి వచ్చినట్టుంది. ‘నేటి కథను’ మాత్రం యతి కోసం వచ్చింది, తెలుస్తోంది. మొదటి పాదం చదివి వినిపిస్తే మనిషి నడకను కూడా మరిచాడని వినిపిస్తుంది. కామా కంటికే కనపడుతుంది కదా. అయితే ఆ అర్థం కూడా కథకు తగినదే, కాబట్టి దోషం అనను.

నీటిరంగులు:
జీవచ్ఛవం అన్న మాట పట్టుకుని రాశాను.

*మిన్ను ముట్టెడి మేడపై మింటి కాపు*
*కాయు వానికి నెచ్చెలి కనులలోనె*
*ప్రాణ మున్నది, యామెకై పలవరించి*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

గోరింట:
అబ్బ! జాంబీ ఊసే లేదు. ‘నువ్వే నా ప్రాణం’ అని రోజూ అనే మాటనే నిజం చేసేశారు.

నిర్వహణ:
నేను ఎదురుచూసిన దారి ఇదే. ప్రాణం ఆమె దగ్గరుంది, ఇతని దగ్గర లేదు, కాబట్టి పరుగెత్తింది ప్రాణం లేని దేహమే. అసంభవం మాటకు మాట అక్షరాలా సంభవమైంది. మిన్ను, మింటి అని ఒకే మాట ఒకే పాదంలో రెండుసార్లు వచ్చింది, అదొక్కటే చిన్న వెలితి. ‘మింటి కాపు’ చదివి కొందరికి సందేహం రావచ్చు. సియోల్‌లో కొన్ని ఎత్తైన భవనాల పైకప్పుల మీద నిజంగానే గగనతల రక్షణ దళాలు కాపలా ఉంటాయి. కవి కల్పన కాదు.

ఏటిగట్టు:
అందరికీ నమస్కారం. నేను సువాన్‌లో ఉంటున్నాను, సియోల్‌కి దక్షిణాన. ఇక్కడి వాళ్ల మాట ఒకటి చెప్తే ఈ సమస్యకు పనికొస్తుందనుకుంటున్నాను. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న మగపిల్లలందరూ సైన్యంలో పనిచేయాల్సిందే. పదాతిదళంలో ఇప్పుడు 18 నెలలు. ఎదురుచూసే ప్రియురాలిని ‘గొముసిన్’ అంటారు, అంటే రబ్బరు చెప్పులు. సైన్యంలో ఉన్న అబ్బాయి ‘కున్హ్వా’, అంటే సైనికుడి బూట్లు. ఆ అమ్మాయి వదిలేసి వెళ్లిపోతే ‘రబ్బరు చెప్పులు తిరగేసి తొడిగింది’ అంటారు. నాతో పనిచేసే ఒకతను సైన్యంలో ఉన్నప్పటి సంగతి చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగాక ఫోన్ చేతికిస్తారట. అది వెలిగేదాకా గుండె ఆగినంత పనయ్యేదట, ఆమె దగ్గర్నుంచి మెసేజ్ ఉందో లేదో అని. ఆ మాట చెప్తూ ఇప్పటికీ తన ఫోన్ బోర్లించి పెట్టాడు. ఆ టెన్షన్ తెలిశాకే నాకు ఈ డ్రామా అర్థమైంది.

*చెప్పు తిరగేసి తొడిగిన చెలియ కొఱకు*
*బూటు కాళ్ళతో నొక్కఁడు పోవుచుండె;*
*వేయి నోళ్ళతో శవములు వెంటబడఁగ*
*ప్రాణమే లేని దేహమ్ము పరుగు తీసె.*

నీటిరంగులు:
ఏటిగట్టు గారూ, నా పద్యం కంటే ఇది చాలా పైమెట్టు. మనస్ఫూర్తిగా అంటున్నాను.

పాతబడి:
‘తిరగేసి’, ‘వెంటబడఁగ’ వ్యావహారికాలు కదా, గ్రాంథిక పాదం పక్కన కుదురుతాయా అని మొదట ఆలోచించాను. రెండోసారి చదివితే కుదిరాయనే అనిపించింది. ‘చెప్పు తిరగేసి’ అన్న చోట ఇంకో మాట పెడితే ఆ అమ్మాయి కోపం పోతుంది.

నిర్వహణ:
అందరూ మూడు, నాలుగు పాదాలు మళ్లీ ఒక్కసారి కలిపి చదవండి. వెంటబడుతున్నవి శవాలు. పారిపోతున్నవాడు బతికున్నవాడు. కానీ ‘ప్రాణమే లేని దేహం’ అన్న పేరు వచ్చింది ఎవరికి? బతికున్నవాడికి. చచ్చినవాళ్లకి వేయి నోళ్ల ఆకలి ఉంది, అతనికి ఏదీ లేదు. చెలియ వెళ్లిపోయింది. ఇచ్చిన పాదాన్ని ఎవరికి వర్తింపజేయాలని అందరం అనుకుంటామో, వాళ్ల మీంచి తీసి ఎదురుగా ఉన్నవాడి మీద పెట్టారు. ఒక్క జాంబీ వర్ణన లేకుండా భయం ఉంది, ఒక్క ప్రేమమాట లేకుండా ప్రేమ ఉంది.

మొదట్లో రసవిరోధం అన్నాను. పగ ఉన్న రసాలు ఒకే మనిషిలో కాక వేరు వేరు ఆశ్రయాల్లో ఉంటే పొసగుతాయని ఆలంకారికుడు ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో చెప్పాడు. ఇక్కడ బీభత్సం వీధిలో వస్తున్న గుంపుది, శృంగారం బూట్లు తొడిగిన ఒక్కడిది. పక్కపక్కనే పరుగెత్తుతున్నా ఒకదాన్నొకటి తాకలేదు. ‘న్యూటోపియా’ దర్శకుడు యూన్ సంగ్-హ్యున్ అంతకుముందు తీసినవి నవ్వుకి దూరమైన, బరువైన సినిమాలు. ఈ కథలో నవ్వూ ప్రేమా నెత్తురూ ఒకే చోటికి తేవటం ఆయనకూ కష్టమైన పనే అయివుంటుంది. 8 భాగాల్లో కొన్నిచోట్ల నెత్తురు మరీ ఎక్కువై నవ్వు రాలేదని నా అభిప్రాయం. ఈ నాలుగు పాదాల్లో ఆ ఇబ్బంది లేదు.

ఈ వారానికి ఉత్తమ పూరణ ఏటిగట్టు గారిది. గోరింట గారి మూడో పాదం విడిగా గుర్తుపెట్టుకోదగ్గది.

మల్లెతీగ:
అందరివీ చదివాక నా పద్యం మళ్లీ రాశాను. ‘జాంబీ’ అన్న మాట తీసేశాను. ఆ ఒక్కరు ఎవరని అడిగారు కదా, మా పక్కింటి తాతగారు గుర్తొచ్చారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే పిల్లలందరినీ పలకరిస్తారు. ఆయన్నే కొరియా వీధిలో పెట్టి చూసుకుంటే నాకే భయమేసింది.

*కొరియ నగరాన రోగంబు క్రూరముగను*
*వ్యాప్తి నొందగా, నిన్నటి వఱకు నవ్వు*
*పంచు పొరుగింటి తాతయే, పండ్లు కొఱుకు*
*ప్రాణమే లేని దేహమ్ము, పరుగు తీసె.*

నిర్వహణ:
అమ్మా, ఏకవచనం కుదిరింది, కర్త దొరికాడు. ‘నిన్నటి వఱకు నవ్వు’ అని పాదం చివర ఆగి, కింది పాదంలో ‘పంచు’ అని అందుకోవటం చూసి చాలా సంతోషించాను. నవ్విన నోరే పళ్లు కొరుకుతోంది. ‘తాతయే’ తర్వాత కామా తీసేయండి, దాని అవసరం లేదు.