మోటారు బిగించిన సైకిలుకు తక్కువ ధరలో ముందు సస్పెన్షన్ ఫోర్కు

ప్రశ్న:
నా 26 అంగుళాల సైకిలు ముందు చక్రానికి 250 వాట్ల హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) బిగించుకున్నాను. హనుమకొండ నుంచి కాజీపేటకు రోజూ వెళ్లివస్తుంటే, గుంతల దెబ్బకు మణికట్లు నొప్పి పెడుతున్నాయి. నాలుగు వేల రూపాయల లోపు సస్పెన్షన్ ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగుల ఫోర్కు, కొనాలంటే ఏమేమి చూసుకోవాలి?

మొదటి సమాధానం:
ధర అడిగే ముందు కొలత తీయండి. ఫ్రేములోకి వెళ్లే ఫోర్కు గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. అయితే సులువుగా దొరుకుతుంది. పాత తరహా సైకిళ్లలో ఉండే 25.4 మి.మీ. అయితే వెతుకులాట తప్పదు. స్ప్రింగు ప్రయాణం, అంటే అది కుంగే దూరం, 80 మి.మీ. చాలు, అంతకు మించితే సైకిలు ముందుభాగం లేచి, మలుపుల్లో హ్యాండిలు బరువుగా తిరుగుతుంది.

రెండవ సమాధానం:
అసలు చిక్కు మోటారు ఉన్న చోటులో ఉంది. చౌక సస్పెన్షన్ ఫోర్కుల కింది కాళ్లు సాధారణంగా అల్యూమినియం లేదా మెగ్నీషియంతో పోతపోసినవి. మోటారు ఇరుసు మెలితిప్పే బలానికి ఇనుమైతే వంగుతుంది, ఇవి మాత్రం ఒక్కసారిగా విరిగిపోవచ్చు. నా ఫోర్కులో వాషరు పక్కన వెంట్రుకంత నల్లటి గీతను మురికి అనుకున్నాను. గోటితో గీరినా పోలేదు, అది పగులు. ఇరుసు తిరగకుండా ఫోర్కుకు పట్టి ఉంచే లోహపు పట్టీ (టార్క్ ఆర్మ్) బిగించినా నాకు నమ్మకం కుదరలేదు. మోటారును వెనుక చక్రానికి మార్చుకున్నాకే కొనండి.

ప్రశ్న వేసినవారు:
కొలిచాను, 28.6 మి.మీ. ఉంది. ముందుగా వెనుక చక్రం సంగతి చూస్తాను. అంతవరకు వెడల్పు టైరు వేసి, గాలి కొంచెం తగ్గించి నడుపుతాను.