పాఠం అప్పజెబుతుంది, కొత్త పేజీ చదవలేదు: నాలుగో తరగతి పాపకు రోజూ చదివే అలవాటు ఎలా చేయాలి?

రాసినవారు: అనంతపురం అమ్మ

అందరికీ నమస్కారం. మా పాప అనంతపురంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. లెక్కలు బాగా చేస్తుంది, పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతుంది. కానీ ఎన్నడూ చూడని పేజీ ఒకటి ముందు పెడితే మాత్రం ఒక్కో అక్షరాన్ని కూడబలుక్కుంటూ, వత్తు కనిపించిన ప్రతిచోటా ఆగి నా ముఖం వంక చూస్తూ, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివిందో మరచిపోతోంది. తెలుగు వాచకం గడగడా చదువుతోంది కదా అని నేను ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను. అది చదవడం కాదని పోయిన నెలలోనే తెలిసింది. పాఠంలో ఒక వాక్యాన్ని చేత్తో మూసి, దాని కింది వాక్యం చదవమంటే, కనిపించని ఆ మూసిన వాక్యాన్నే చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయన సరుకుల ఆటో నడుపుతారు, ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా అత్తకు చదువు రాదు. ఇంట్లో పాఠ్యపుస్తకాలు, గోడకు క్యాలెండరు తప్ప అచ్చు కాగితం లేదు. బడిలో కథల పుస్తకాలు ఉన్నాయి గానీ బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. పుస్తకం చిరిగినా, పోయినా స్టాకు రిజిస్టరుకు తానే జవాబు చెప్పుకోవాలని అయ్యవారు అన్నారు; ఆయన మాటలో తప్పుందని నేను అనుకోవడం లేదు. తల్లిదండ్రుల కమిటీలో నేను సభ్యురాలిని కాబట్టి వచ్చే సమావేశంలో మాట్లాడే వీలుంది. ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి, బడిలో ఏమని అడగాలి, తెలుగు ముందా ఇంగ్లీషు ముందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1
రాసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎమ్మిగనూరు

అమ్మా, వాక్యాన్ని చేత్తో మూసి చూడాలన్న ఆలోచన మీకు రావడమే పెద్ద విషయం. ముప్పై ఏళ్లు ప్రాథమిక తరగతులకు చెప్పిన నేను, పాఠం కంఠస్థం చేసిన పిల్లలను చదవడం వచ్చినవారిగా లెక్కవేసిన సంవత్సరాలు కొన్ని ఉన్నాయి. మీ పాప ఒంటరి కాదు. పల్లె పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో, దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతూ రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 2022లో నూటికి 38.5 మంది, 2024లో 44.8 మంది. ఊరడింపు కోసం ఈ అంకెలు చెప్పడం లేదు. ఇది మీ పెంపకంలో లోపం కాదని మీరు గ్రహించాలని చెబుతున్నాను.

మీ పాపకు జరుగుతున్నది ఇది. అక్షరాన్ని పోల్చుకోవడానికే ఆమె బుద్ధి అంతా ఖర్చయిపోతోంది, అర్థానికి ఏమీ మిగలడం లేదు. తెలుగులో అక్షరమాల నేర్చుకోవడంతో పని పూర్తికాదు. గుణింతాలు, ఆపైన వత్తులు కలిసి వందల రూపాలవుతాయి. ‘క’ వచ్చిన పిల్లకు ‘క్ష్మి’ వచ్చినట్టు కాదు. వీటిని విడివిడిగా పలక మీద రాయించినంత మాత్రాన నోటికి రావు. ఒకే వత్తు పది రకాల కథల్లో, పది రకాల మాటల్లో కంటబడినప్పుడే అది ఆగి పోల్చుకోనక్కర లేని ముఖమవుతుంది. రోజూ చదవాలనడానికి అసలు కారణం ఇదే. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి చదివించడం కన్నా రోజుకు పదిహేను నిమిషాలు ఎంతో మేలు.

మొదలుపెట్టే తీరు చెబుతాను. నాలుగో తరగతి పిల్ల కదా అని నాలుగో తరగతి పుస్తకం ఇవ్వకండి. ఒక పేజీలో ఐదు మాటలకు మించి ఆగిపోతే ఆ పుస్తకం ఇప్పటికి బరువని అర్థం. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద బొమ్మ ఉన్న పుస్తకంతో మొదలుపెట్టండి. తొలి రోజు మీరే చదివి వినిపించండి. మీ వేలు అక్షరాల కింద కదులుతూ ఉండాలి, ఆమె చూపు ఆ వేలి వెంట రావాలి. రెండో రోజు ఇద్దరూ కలిసి చదవండి. మూడో రోజు ఆమె చదువుతుంటే మీరు వినండి. ఒకే కథను మూడు నాలుగు రోజులు చదివితే మళ్లీ కంఠస్థం అవుతుందేమోనన్న భయం మీకు కలగవచ్చు. అందుకే నాలుగో రోజు అదే కథలోని మాటలను చీటీల మీద రాసి, వరుస మార్చి, కొత్త వాక్యంగా పేర్చి చదవమనండి. వాక్యాన్ని మూసి మీరు చేసిన పరీక్షకు ఇది చెల్లెలు.

ఇంకొక ముఖ్యమైన మాట. పుస్తకంలో ‘వస్తున్నాడు’ అని ఉంటే మన పిల్లలు ‘వస్తాండాడు’ అని చదువుతారు. చాలామంది అక్కడే ఆపి తిడతారు. దయచేసి ఆపకండి. అచ్చులో ఉన్న మాటను తన ఇంటి మాటలోకి మార్చుకుని పలికిందంటే ఆ పిల్ల అర్థం చేసుకుని చదువుతోందన్నమాట. అక్షరాలు తడుముకునే పిల్ల అలా మార్చలేదు. వాక్యం పూర్తయ్యాక, ‘పుస్తకంలో ఎట్లుందో ఇంకొకసారి చూడమ్మా’ అంటే చాలు. మా ప్రాంతం మాటను తప్పని దిద్దీ దిద్దీ ఎంతమంది పిల్లల నోరు మూయించామో తలచుకుంటే ఈనాటికీ బాధ కలుగుతుంది.

కంటి పరీక్ష ఒకటి చేయించండి. ఆరు నెలలు ఇలా చేసినా అక్షరాలు తారుమారుగానే కనబడుతుంటే నిపుణులకు చూపించాలి. కానీ ముందే ఆ అనుమానం పెట్టుకోవద్దు.

జవాబు 2
రాసినవారు: గ్రంథాలయ ఉద్యోగి, కడప

పై జవాబులో చెప్పిన పద్ధతికి పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది నేను చెబుతాను. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ప్రధానంగా ఆ సొమ్ముతోనే. అందువల్ల శాఖా గ్రంథాలయానికి వెళ్లి పిల్లల పుస్తకాలు అడగడం మొహమాటపడవలసిన పని కాదు. చాలామంది తల్లులు అది పోటీ పరీక్షల అభ్యర్థులకే అనుకుని గడప దగ్గరే ఆగిపోతారు. పాపను వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె పేరుతోనే సభ్యత్వం తీసుకోండి. వేసవి సెలవుల్లో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు జరుగుతాయి; ఆ రోజుల్లో చదివించడం, కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం అన్నీ ఉంటాయి.

ఫోను ఉంటే స్టోరీవీవర్ అనే వేదికలో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో దీన్ని ప్రారంభించింది. కథలు చదువు స్థాయిని బట్టి విభజించి ఉంటాయి కాబట్టి మొదటి స్థాయి నుంచి ఎంచుకోవడం తేలిక. దించుకుని అచ్చు తీయించుకోవడానికి కూడా అనుమతి ఉంది. నా సలహా మాత్రం అచ్చు తీయించి, కుట్టి, చేతికి ఇవ్వమనే. మీకు కుట్టుమిషను ఉంది కదా. నాలుగు కాగితాలను మధ్యలో ఒక కుట్టు వేస్తే పుస్తకం అవుతుంది, అది అమ్మ కుట్టిన పుస్తకమన్న మమకారం పాపకు వేరుగా ఉంటుంది. కొనగలిగితే ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్టు వంటి సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వస్తాయి.

ఇక బీరువా సంగతి. సమగ్ర శిక్ష పథకంలో పాఠశాల గ్రంథాలయానికి ఏటా నిధులు ఇచ్చే ఏర్పాటు ఉంది. ప్రాథమిక పాఠశాలకు 5,000 రూపాయల వరకు ఇవ్వవచ్చు. అయ్యవారి భయం నిజమైనదే, ఆ భయాన్ని తీర్చే బాధ్యత కమిటీ తీసుకోవాలి. ‘పిల్లల వాడకంలో చిరిగిన పుస్తకాలకు ఉపాధ్యాయుణ్ని బాధ్యుణ్ని చేయబోము’ అని సమావేశంలో తీర్మానం రాసి, సంతకాలు చేసి, ఆ కాగితాన్ని ప్రధానోపాధ్యాయుల చేతికి ఇవ్వండి. నా ఉద్యోగంలో నేను చూసినంతలో, చేతులు మారి నలిగిన పుస్తకాల కన్నా ఎవరూ తెరవక చెదలు పట్టిన పుస్తకాలే ఎక్కువ. తరగతి గదిలో ఒక తాడు కట్టి, దాని మీద పుస్తకాలను అట్ట కనిపించేలా వేలాడదీయమని అడగండి. పిల్లలు అట్టమీది బొమ్మను చూసి పుస్తకం తీసుకుంటారు, బీరువాలో వెన్ను మాత్రమే కనబడుతుంది.

ఎప్పుడైనా కడప వస్తే పాపను బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకురండి. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించిన సి.పి.బ్రౌన్ ఈ ఊళ్లో నివసించిన చోటే ఇప్పుడా గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. అక్కడ తాళపత్రాలు ఉన్నాయి. తాను నోటికి అప్పజెప్పే పద్యం ఒకప్పుడు ఆకు మీద గంటంతో గీసి ఉండేదని కళ్లారా చూసిన పిల్ల అక్షరాన్ని వేరే కన్నుతో చూస్తుంది.

జవాబు 3
రాసినవారు: ఇద్దరు పిల్లల తండ్రి, కర్నూలు

ఒక హెచ్చరిక చెప్పడానికే రాస్తున్నాను. మా అబ్బాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక పుస్తకం పూర్తిచేస్తే ఐదు రూపాయలు ఇస్తానని చెప్పాను. పక్షం రోజుల్లో పదకొండు పుస్తకాలు అయిపోయాయి. అన్నీ అతి పలచనివే. ఒకదాని గురించి అడిగితే, ‘నాయనా, పేజీలన్నీ తిప్పినాను కదా’ అన్నాడు. డబ్బు ఆపేశాక మూడు నెలలు పుస్తకం ముట్టలేదు. చదవడం కూలిపని అని నేనే నేర్పినట్టయింది.

తర్వాత పనికి వచ్చింది ఒక్కటే. రాత్రి భోజనాలయ్యాక అందరి ఫోన్లూ, నాది కూడా, బియ్యం డబ్బా మీద పెట్టేసి, ఇరవై నిమిషాలు ఇంట్లో ప్రతి ఒక్కరం ఏదో ఒకటి చదువుతాం. నేను పత్రిక చదువుతాను. చదివిన దాని మీద ప్రశ్నలు వేయను, నీతి అడగను. వాడే చెప్పాలనుకుంటే వింటాను. మీ అత్తగారికి చదువు రాదన్నారు. అది లోటని అనుకోవద్దు. మా అమ్మకూ రాదు. మా చిన్నమ్మాయి జేజికి, అంటే నాయనమ్మకు, కథ చదివి వినిపిస్తుంది. ‘ఆ నక్క ఆడికి ఎందుకు పోయింది?’ అని జేజి అడిగితే, జవాబు కోసం ఆ పిల్ల మళ్లీ పేజీ వెనక్కి తిప్పి వెతుకుతుంది. నేను అడిగితే అది పరీక్ష, జేజి అడిగితే నిజంగా తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న. ఆ తేడా పిల్లలకు బాగా తెలుసు.

జవాబు 4
రాసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎమ్మిగనూరు

జేజి సంగతి చదివాక ఇంకొంచెం రాయాలనిపించింది. మా కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. వెంట పోయిన పిల్లలు రెండు మూడు నెలల తర్వాత బడికి తిరిగివచ్చేసరికి గుణింతాలు మరచిపోయి ఉండేవారు. ఒక ఏడాది నేను పోయే పిల్లల సంచుల్లో తలా రెండు కథల పుస్తకాలు పెట్టి పంపాను. కొన్ని తిరిగి రాలేదు. కానీ వచ్చిన పుస్తకాల మీద కారపు మరకలు ఉన్నాయి, ఆ పిల్లలు ఆ రెండు కథల్లోని మాటలను మరచిపోలేదు. రిజిస్టరులో ఆ పోయిన పుస్తకాల ఖరీదు నేనే కట్టాను. అంతకన్నా బాగా ఖర్చయిన డబ్బు నా ఉద్యోగంలో లేదు.

మీరు అడిగిన ఇంగ్లీషు ప్రశ్నకు జవాబు: ముందు తెలుగే. ఇంట్లో వినే భాషలో మాటకు అర్థం ముందే తెలిసి ఉంటుంది, అక్షరాన్ని మాత్రమే పట్టుకోవాలి. ఇంగ్లీషులో మాటా కొత్తదే, అక్షరమూ కొత్తదే. ఒక భాషలో ‘చదవడమంటే ఇది’ అని తెలిసిన పిల్ల రెండో భాషలోకి ఆ నేర్పును వెంట తీసుకుపోతుంది. 2020–21 నుంచి మన రాష్ట్రంలో ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉంటాయి. మీ పాప దగ్గర అటువంటివి ఉంటే పరిసరాల విజ్ఞానం పాఠాన్ని ముందు తెలుగు పేజీలో చదివించి, తర్వాత పక్క పేజీ చూపించండి.

నిమిషానికి ఎన్ని మాటలు చదువుతోందని గడియారం పెట్టి చూడవద్దు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి 60 మాటలని లక్ష్యం పెట్టిన సంగతి నిజమే. కానీ ‘చెప్పుకుంటున్నారట’ అన్నది మన భాషలో ఒకే మాట. ఇంగ్లీషు వంటి భాషల్లో దానికి నాలుగైదు మాటలు కావాలి. వేగం కన్నా, నవ్వవలసిన చోట నవ్విందా అన్నది చూడండి.

అనంతపురం అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి నుంచే మొదలుపెట్టాం. మొదటి స్థాయి కథ ఒకటి అచ్చు తీయించి, మిషను మీద కుట్టి ఇచ్చాను. నేను చదివి వినిపించాక, పాప దాన్ని తీసుకుని వాళ్ల జేజి పక్కన మంచం మీద కూర్చుంది. ‘పరుగెత్తుతాండాది’ అని చదివింది, నేను దిద్దలేదు. మా అత్త బొమ్మ మీద చెయ్యి పెట్టి, ‘ఇది ఏ చెట్టో రాసినారా?’ అని అడిగింది. రాయలేదని చెప్పడానికి పాప ఆ పేజీ మొత్తం రెండుసార్లు చదివింది.

కమిటీ సమావేశం శనివారం ఉంది. తీర్మానం కాగితం సిద్ధం చేస్తున్నాను. నలిగిన పుస్తకాలను బాగుచేసే పని తల్లులమే తీసుకుంటామని కూడా అందులో రాయాలని ఉంది. చిరిగిన పేజీలను దేనితో అతికిస్తే నిలుస్తాయి?

గ్రంథాలయ ఉద్యోగి, కడప

సెల్లోటేపు వాడకండి, కొన్నాళ్లకు పసుపుపచ్చబడి, ఊడిపోతూ అక్షరాలను కూడా లేపుకుపోతుంది. మైదాపిండిని నీళ్లలో కలిపి పలుచని గంజిలా కాచి, చిటికెడు మైలుతుత్తం వేయడం పాత పద్ధతి గానీ అది విషం కాబట్టి పిల్లల పుస్తకాలకు వద్దు, ఉత్త మైదా జిగురే చాలు. పలుచని తెల్ల కాగితాన్ని పట్టీలా చించి, చిరుగు మీద అతికించి, పైన బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. వెన్ను విడిపోయిన పుస్తకాలను మాత్రం మీ మిషను మీద కాకుండా దబ్బనంతో, మైనం రాసిన దారంతో చేత్తోనే కుట్టండి. మిషను సూది దగ్గరదగ్గరగా పొడిస్తే దళసరి పుస్తకాల కాగితం ఆ రంధ్రాల వరుస వెంబడి చిరిగిపోతుంది.