ఐయూఐ చేయించుకోవాలా, నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లిపోవాలా?

నాకు 33 ఏళ్లు. పిల్లల కోసం చూస్తూ రెండేళ్లు దాటింది. అండం సరిగ్గా విడుదల కావట్లేదని మాత్రలు వాడాను, ఫలితం లేదు. డాక్టరు ఐయూఐ చేద్దామంటున్నారు, మా ఆడపడుచేమో అది టైమ్ వేస్ట్, నేరుగా ఐవీఎఫ్ చేయించుకోండి అంటోంది. అసలు ఈ రెండిటికీ తేడా ఏంటండీ? మా ఆయన ఇంతవరకు ఏ టెస్టూ చేయించుకోలేదు, నాకు పీరియడ్స్ సరిగ్గా రావు కదా, సమస్య నాదే అనుకున్నాం.

జవాబు 1:
ముందు ఆ చివరి మాట సంగతి చూడండి. మీకు సమస్య ఉన్నంత మాత్రాన ఆయనకు లేదని కాదు, ఇద్దరిలోనూ ఉండొచ్చు. వీర్య పరీక్షకి నొప్పీ లేదు, సూదీ లేదు, రెండు నుంచి ఏడు రోజులు కలయికకి దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. అది చూడకుండా ఐయూఐ ఎందుకు చేద్దామంటున్నారో నాకర్థం కాలేదు. ఐయూఐ అంటే వీర్యాన్ని ల్యాబ్‌లో శుభ్రం చేసి, బాగా కదిలే కణాల్ని అండం విడుదలయ్యే సమయానికి సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపడం, అంతే. ఆ తర్వాత అండం, శుక్రకణం కలవాల్సింది ఫెలోపియన్ ట్యూబులోనే (అండాశయం నుంచి గర్భాశయానికి అండాన్ని చేర్చే గొట్టం), కాబట్టి కనీసం ఒక ట్యూబైనా తెరుచుకుని ఉండాలి. హెచ్‌ఎస్‌జీ అని డై ఎక్కించి తీసే ఎక్స్‌రేలో అది తెలుస్తుంది, అయిందా మీకు?

జవాబు 2:
రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐవీఎఫ్ అర్థవంతం. అందులో రోజూ ఇంజెక్షన్లతో ఎక్కువ అండాలు పెంచి, మత్తిచ్చి సూదితో బయటికి తీసి, ల్యాబ్‌లో ఫలదీకరణ చేసి, మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భాశయంలో పెడతారు. శుక్రకణాల కౌంట్ మరీ తక్కువైతే ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని నేరుగా ఎక్కించే ఇక్సీ ఉంది. మీది పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య) అయితే ఇంజెక్షన్లకి అండాశయాలు మరీ ఎక్కువగా స్పందించే ప్రమాదం ఉంది, పొట్ట ఉబ్బి, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ జాగ్రత్తలేంటో ముందే అడగండి. మీ ఆడపడుచు గారికి ఇవేవీ తెలిసినట్టు లేదు!

జవాబు 3:
పై ఇద్దరూ చెప్పింది సరే గానీ వయసు మర్చిపోకండి. 35 దాటాక అవకాశాలు వేగంగా తగ్గుతాయి, ఐయూఐ కొన్నిసార్లు చేసీ ఫలించకపోతే దాన్నే పట్టుకుని కూర్చోకండి.

అడిగినావిడ:
హెచ్‌ఎస్‌జీ కాలేదండీ, ఈసారి అడుగుతాను. మా ఆయన టెస్టంటే మొహమాటపడుతున్నారు, శాంపిల్ ఇంట్లో తీసి ఇవ్వొచ్చా?

జవాబు 1:
చాలా ల్యాబులు ఒప్పుకుంటాయి, గంటలోపు అందించాలి, చల్లబడకుండా ఒంటికి ఆనించి తేవాలి. డబ్బా మాత్రం ల్యాబువాళ్లిచ్చిందే వాడండి.