టకేడా వంశాన్ని ముంచింది కొడుకా, తండ్రా?

కోటబురుజు:
జపాన్‌లో జరిగిన నాగషినో యుద్ధం (1575) గురించి చదివిన ప్రతిసారీ టకేడా వంశపు కత్సుయొరి మీద ఒళ్ళు మండుతుంది. తండ్రి షింగెన్ కాయ్ అనే కొండసీమతో మొదలుపెట్టి షినానో, సురుగా కలిపి చేతిలో పెడితే, పదేళ్ళు తిరక్కుండా అంతా పోగొట్టాడు. ఎదురుగా ప్రత్యర్థి ప్రభువులు నొబునాగా, ఇయెయాసుల సేన తనకు రెట్టింపు పైనే. కర్రల కంచె, దాని వెనక తుపాకులు. అయినా మీద పడి యమగతా, బాబా, నైతో లాంటి తలపండిన సేనానుల్ని ఒక్కరోజులో పోగొట్టుకున్నాడు. షింగెన్ అయితే వెనక్కి తిరిగేవాడు.

పాతలెక్క:
బురుజు గారూ, షింగెన్ చేతిలో పెట్టింది ఆస్తి ఒక్కటేనా? అప్పులు కూడా చూడండి. 1541లో కన్నతండ్రినే కాయ్ సీమ దాటించాడు. మరుసటేడు పొరుగు ప్రభువు సువా యొరిషిగేని చావుకు తోసి, అతని కూతుర్నే తెచ్చుకున్నాడు. ఆమె కొడుకే మన కత్సుయొరి. పెద్దకొడుకు యొషినొబు ఇమగావా వాళ్ళ అల్లుడు. అతన్ని బంధిస్తే 1567లో అలాగే పోయాడు. ఆ మరుసటేడే షింగెన్ ఇమగావా వాళ్ళ సురుగా మీద పడ్డాడు, పాత పొత్తులన్నీ గంగలో కలిశాయి.

ఇక మిగిలిన కుర్రాడు పెరిగింది సువా వారసుడిగా. టకేడా వాళ్ళ పేర్లలో తరతరాలుగా వచ్చే 'నొబు' అతనికి లేదు, ఉన్నది సువా వాళ్ళ 'యొరి'. 1573లో అలాంటివాడు పెత్తనానికి వస్తే తండ్రినాటి సేనానులు ఏపాటి లెక్కచేస్తారు? తండ్రికి లొంగని టకతెంజిన్ కోటను 1574లో పట్టి చూపించాడు. నాగషినోలో తెగింపు ఆ ఊపులోదేనని నా అనుమానం.

గుర్రపుడెక్క:
నాగషినోలో నొబునాగా 3,000 తుపాకుల్ని మూడు వరుసల్లో వంతులవారీగా పేల్పించాడనే కథ ఇద్దరూ ఎత్తలేదు, బతికించారు. ఆ లెక్క మీద చరిత్రకారులే ఇంకా కొట్టుకుంటున్నారు.

కోటబురుజు:
'నొబు' సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ నాగషినో తర్వాత ఏడేళ్ళు బతికాడుగా! 1578లో పొరుగు ప్రభువు ఉఎసుగి కెన్షిన్ పోయాక, వాళ్ళ వారసత్వ తగాదాలో సొంత భార్యకు అన్న అయిన కగెతొరాని వదిలేసి, చివరికి కగెకత్సు వైపు తేలాడు. భార్య పుట్టింటి హోజో వాళ్ళు పగవాళ్ళయ్యారు. 1581లో అదే టకతెంజిన్ ముట్టడిలో మాడుతుంటే సాయం పంపలేదు. ఇదీ తండ్రి ఖాతాలోనేనా?

పాతలెక్క:
టకతెంజిన్ కొడుకు ఖాతాలోనే రాయండి. సరిహద్దు కోటలవాళ్ళకు ఆశ చచ్చింది అక్కడే. కానీ 1582లో ముందు తిరగబడ్డ కిసో ఎవరు? షింగెన్ అల్లుడు. శత్రువుల వైపు దూకిన అనయమా? మేనల్లుడూ, అల్లుడూ. పిల్లనిచ్చి కట్టిన ముడులు, పెద్దాయన లేకపోతే నిలవలేదు.

గుర్రపుడెక్క:
నాకు మింగుడుపడనిది ఆఖరి వారమే. 1582లో నొబునాగా సేన మీదికి వస్తుంటే, కత్సుయొరి కొత్తగా కట్టిన షింపు కోటకు తనే నిప్పుపెట్టి బయల్దేరాడు. అతని సేనాని సనదా తన కోటకు రమ్మన్నాడని ఒక కథ ఉంది. అటు వెళ్ళకుండా మరో సేనాని ఒయమదాని నమ్మాడు, అతను దారి మూసేశాడు. తెన్మొకు కొండ దగ్గర భార్య, కొడుకుతో సహా అయిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే హొన్నోజీ గుడిలో నొబునాగా కూడా పోయాడు. ఆ మూడు నెలలు ఎక్కడైనా తలదాచుకుని ఉంటే?